కుర్చీ వేసి గెలిచిన వాదన

నేను ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగను. ఒకప్పుడు ఈ సంగతి నేనే గొప్పగా చెప్పుకుని తిరిగేవాణ్ణి. దేవుణ్ణి నమ్మేవాళ్లతో, జాతకాలు చూపించుకునేవాళ్లతో, ఉపవాసాలుండేవాళ్లతో, అందరితోనూ వాదించాను. అందరినీ "మీరు" అన్నాను. గొంతు పెంచలేదు. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా విని, తల ఊపి, "మీ అభిప్రాయాన్ని గౌరవిస్తాను" అని, ఆ తరువాత ఆ అభిప్రాయాన్ని పుల్లలు పుల్లలుగా విరిచి అతని ముందే పెట్టాను. చాలామంది దాన్ని సంస్కారం అనుకున్నారు. నిజానికి వాళ్లంటే నాకు లోపల చిన్నచూపు. తిట్టడానికి కూడా తగరని తిట్టలేదు, అంతే.

మేడ్చల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. శామీర్‌పేట వైపు పోయే రోడ్డు మీద కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకుని, గుంటూరు నుంచి సామాను తెచ్చుకున్నాం. తొంభైలు సగం దాటిన రోజులు. కాలనీలో మూడొంతులు మా కోస్తావాళ్లే, నెల జీతాలవాళ్లే. బోరు నీళ్లు బాగాలేవని, బస్సులు సరిగా రావని, ఇక్కడివాళ్ల తెలుగు అసలు తెలుగే కాదని సణుక్కుంటూ హాయిగా బతికేవాళ్లం. పాలు పోసేదీ, చేపలు తెచ్చేదీ, గోడ కట్టేదీ, సున్నం వేసేదీ అందరూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లు రాకపోతే మాకు ఒక్క పూట గడవదు. అయినా వాళ్లతో మా మాటలన్నీ గేటు దగ్గరే నిలబడి అయిపోయేవి.

ఆదివారం పొద్దున్న మాకో చర్చా మండలి ఉండేది. పైకప్పు పడక ఆగిపోయిన కమ్యూనిటీ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని పదిమందిమి కూర్చునేవాళ్లం. మతం, మనోనిగ్రహం, కులం, మద్యనిషేధం, దేన్నీ వదిలేవాళ్లం కాదు. నియమాలు నేనే ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. ఏకవచనం వాడకూడదు. మనిషిని కాదు, మాటనే విమర్శించాలి.

ఆ మండలిలో ఒకాయన శనివారం ఉపవాసం మహిమ గురించి గంటసేపు చెప్పేవాడు. ఆ ఉపవాసంలో సాయంత్రం ఎనిమిది ఇడ్లీలుండేవి. ఇంకొకాయన కులం పోవాలని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. వాళ్లింట్లో పనిమనిషి గ్లాసు పెరటి కిటికీ మీద విడిగా ఉండేది. మూడో ఆయన మద్యనిషేధం ఎత్తేసినప్పుడు దేశం పాడైపోయిందని ఉపన్యాసమిచ్చి, ఆ సాయంత్రమే సీసా ఒకటి పేపర్లో చుట్టి సంచీలో పెట్టుకుని వస్తూ నాకు ఎదురయ్యాడు. వీళ్లందరినీ నేను మర్యాదగా ఖండించేవాణ్ణి, వాళ్లు మర్యాదగా నన్ను మెచ్చుకునేవారు. ఇన్నేళ్లలో ఒక్కడు ఒక్క అలవాటు మార్చుకున్న పాపాన పోలేదు. పది గంటలకు టీ వచ్చేది, తాగి ఇళ్లకు పోయేవాళ్లం.

కార్తీకం రాగానే కాలనీలో నల్లబట్టలు మొదలయ్యేవి. అయ్యప్ప మాల వేసుకున్నవాడు నలభై ఒక్క రోజులు నియమంగా ఉండాలి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేయాలి, చెప్పులు వేసుకోకూడదు, గడ్డం గీయకూడదు, మందూ మాంసం ముట్టకూడదు, చాప మీద పడుకోవాలి. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ స్వామీ అనాలి, ఆడవాళ్లను మాతా అనాలి. అక్కడ కులం లెక్కలోకి రాదు, ఎన్నిసార్లు కొండకు పోయొచ్చాడన్నదే లెక్క. మొదటిసారి పోయేవాడు కన్నెస్వామి. ఆరోసారికి గురుస్వామి అవుతాడు, ఇతరుల మెడలో మాల వేసే అర్హత వస్తుంది. ఎంత పెద్ద ఆఫీసరైనా అతని కాళ్లకు మొక్కాలి.

మా కాలనీ స్వాములను చూస్తే నాకు ఒళ్లు మండేది. దసరా దాకా "ఏయ్, ఇటురా" అని కేకేసిన తాపీమేస్త్రీనే కార్తీకంలో "స్వామీ, కాస్త ఇటు వస్తారా" అని పిలిచేవారు. మాల తీశాక మళ్లీ ఏయ్. నలభై ఒక్క రోజుల మంచితనానికి ఇంత హంగామా ఎందుకని, ముందుగా "మన్నించాలి" అని చెప్పి మరీ మండలిలో అడిగాను. అందరూ ఆలోచనలో పడ్డట్టు ముఖాలు పెట్టారు.

ఆ ఏడు మా ఇంటికి సున్నాలు వేయడానికి వచ్చినతను శామీర్‌పేట చెరువు పక్క ఊరివాడు. చేపలు పట్టి బతికే కుటుంబం. మామూలు రోజుల్లో పొద్దున్నే అతను వల వేసేవాడు, అతని భార్య గంప నెత్తిన పెట్టుకుని మా వీధుల్లో చేపలు అమ్మేది. మాల వేసుకున్నన్నాళ్లూ వల ముట్టకూడదు కాబట్టి అతను బకెట్టూ కుంచే పట్టుకుని గోడల పనికి వచ్చేవాడు. అది అతనికి అయిదో మాల. నలభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు.

మొదటిరోజు గేటు తీస్తూనే "సామీ, నిచ్చెన యాడ పెట్టాలె?" అని నన్ను అడిగాడు.

నేను స్వామిని కానని, నాకు దేవుడి మీద నమ్మకం లేదని, ఆయన నమ్మకాన్ని మాత్రం గౌరవిస్తానని చెప్పాను.

"నమ్మకున్నా ఏం గాదు సామీ. మాలున్నోనికి అందరు సామిలే," అన్నాడు. "మాల దీసినంక సార్ అంట తీయుండ్రి."

నాకు ముచ్చటేసింది. ఆదివారం బృందంతో వాదించీ వాదించీ నాకు నోరు చప్పబడిపోయింది. వాళ్లు ఏం చెప్తారో నాకు ముందే తెలుసు. ఇతనితో కొత్తగా ఉంటుందనుకున్నాను. ఇలాంటి మనిషి దొరికాడని సంబరపడిన ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నాకు రోత.

మధ్యాహ్నం అతని భార్య అన్నం గిన్నె తెచ్చేది. అతను చేతులు కడుక్కుని "మాతా, నీళ్లియ్యి" అనేవాడు. ఆమె ముఖం తిప్పుకుని నవ్వేది. ఎందుకమ్మా నవ్వుతావని మా ఆవిడ ఒకరోజు అడిగింది.

"ఏడాదంత నన్ను ఏమేమో పిలుస్తడమ్మా. అవి మీ ముంగట అనరాదు," అంది. "గీ నలభై దినాలే మాతా అంటడు. ఇనబుద్ధయితది."

మా వంటింటి గడప దగ్గర కూర్చుని ఆమె ఆరోజు చాలాసేపు మాట్లాడింది. తాగితే అతను మనిషి కాడని చెప్పింది. ప్రభుత్వం మందు బందు పెట్టిన రోజుల్లో కూడా గుడుంబా ఎక్కడ దొరుకుతుందో వెతుక్కుని పోయేవాడట. కల్లు కాంపౌండు దాటి ఇంటికి రావడం అతని వల్ల కాదు. మాల వేసుకున్న నలభై రోజులు మాత్రం ఒక్క చుక్క ముట్టడు.

"వచ్చే ఏడు ఆరోదమ్మా. గురుస్వామి అయితడు," అంది. "గురుస్వామి తాగి బజార్ల పడ్తే ఎవరన్న కాళ్లు మొక్కుతరా? గందుకే గా ఏడు నుంచి మొత్తానికే బందు జేస్త అన్నడు. పెద్ద గురుస్వామి ముంగట మాటిచ్చిండు. ఇగ ఒక్క ఏడే."

ఆ ఒక్క మాటను నమ్ముకుని ఆమె రోజులు లాగుతోందని మా ఆవిడకు అప్పుడే అర్థమైంది. నేను పక్క గదిలో పేపరు చదువుతూ అంతా విన్నాను. నాకు అర్థమైంది వేరు. ఇతని తర్కంలో ఒక లోపం ఉంది, దాన్ని నేను సరిచేయవచ్చు అనుకున్నాను.

మర్నాడు టీ వేళకు అతనికి కుర్చీ వేశాను. సున్నం అంటుకుంటుంది, కింద కూర్చుంటానన్నాడు. చర్చలో ఇద్దరూ సమానంగా కూర్చోవాలని పట్టుబట్టి కూర్చోబెట్టాను. అంచు మీద కూర్చున్నాడు. ఏ సార్ ఇంట్లోనూ తనకు కుర్చీ వేయలేదని తరువాతెప్పుడో చెప్పాడు. అతను పడిపోయింది ఆ కుర్చీకే. అప్పట్లో నేనది నా తర్కం బలమనుకున్నాను.

"ఈ నలభై రోజులు మిమ్మల్ని తాగకుండా ఆపుతున్నది ఎవరు?" అని అడిగాను.

"సామి."

"ఎవరైనా గ్లాసు ఇస్తే చేయి చాపనిది ఎవరు? మీరా, స్వామా?"

"నేనే. సామి సూస్తడని నేను సెయ్యి సాప."

"మరి మాల తీశాక స్వామి ఎక్కడికి పోతాడు?"

అతను వేళ్ల మీద ఎండిన సున్నం గిల్లుకుంటూ కూర్చున్నాడు. "సామి ఏడికి పోడు సామీ. నేనే దూరం పోత," అన్నాడు.

మంచి మాట అన్నారని మెచ్చుకున్నాను. మెచ్చుకుని తరువాతి ప్రశ్న వేశాను. "పోయేది మీరే, వచ్చేది మీరే, ఆగేదీ మీరే. అన్నీ మీరే చేస్తుంటే మధ్యలో ఆయన చేసేదేమిటి?"

అతను టీ గ్లాసు కడిగి బోర్లించి, బకెట్టు అందుకుని లేచాడు. మర్నాడు పనిలో దిగాక, నిచ్చెన మీద నుంచే నన్ను పిలిచాడు.

"సామీ, రాత్రి మస్తు ఆలోచన జేసిన. గీ నిచ్చెన ఉన్నది గద. ఎక్కేది నేనే. గోడ నన్ను ఎక్కియ్యది, నా సెయ్యి పట్టుకోది. కని గోడ లేకుంటే నిచ్చెన దేనికి ఆనిస్త?"

నా జీవితంలో నాకు ఎదురైన వాదనల్లో అంత మంచిది ఇంకొకటి లేదు. మండలిలో పదిమందీ కలిసి ఇన్నేళ్లలో అలాంటి మాట ఒక్కటి అనలేకపోయారు. ఆ మాట విని నిచ్చెన దగ్గరికి పోయి అతని కాళ్లకు మొక్కవలసినవాణ్ణి నేను. మొక్కలేదు సరికదా, చిరునవ్వు నవ్వి, "గోడ కనిపిస్తుందండీ. చేత్తో తడిమి చూడొచ్చు. మీ స్వామిని అలా తడిమి చూపించండి, ఒప్పుకుంటాను," అన్నాను.

అతను గోడ వైపు చూశాడు. తడిగా ఉన్న సున్నాన్ని చేత్తో తడిమాడు కూడా. తరువాత కుంచె బకెట్లో ముంచుకున్నాడు.

ఆ తరువాత ప్రతిరోజూ టీకి కుర్చీ వేశాను, ప్రతిరోజూ ఒక ప్రశ్న వేశాను. పని అయ్యేనాటికి అతను నన్ను సామీ అనడం మానేసి సార్ అంటున్నాడు. మాల ఇంకా మెడలోనే ఉంది. నేను ఆ తేడా గమనించి పొంగిపోయాను. ఆదివారం మండలిలో చెప్పుకుని కాలరెగరేశాను కూడా.

కొండకు పోయొచ్చి, ఎప్పటిలాగే వారం తిరగకుండా తాగాడు. ఆ ఏడాదిలో నాలుగైదుసార్లు తాగకుండా ఉన్న ఆదివారాల్లో సైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. ఒకసారి అన్నాడు, "మీరన్నదే యాదికొచ్చింది సార్ గీసారి. కొండ మీద దండం పెడ్తుంటే మనసు పట్టలే. నేను ఎవనికి మొక్కుతున్న అనిపించింది." ఆలోచించే మనిషికి అలాగే ఉంటుందని నేను అభినందించాను. అతను తలవంచుకుని నవ్వాడు. ఆ నవ్వు సంతోషంతో వచ్చింది కాదని గ్రహించే తెలివి నాకు లేదు. బ్లాక్‌బోర్డు మీద లెక్క తెగితే చాలు, దాని కింద గీత గీసి చేతులు దులుపుకోవడం నాకు అలవాటు.

మళ్లీ కార్తీకం వచ్చింది. అతను మాల వేసుకోలేదు. భార్య నల్లపంచె ఉతికి మడతపెట్టి ఉంచింది. పెద్ద గురుస్వామి, బస్సు నడిపి రిటైరైన ముసలాయన, రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగాడు. "నా బలం మీదనే ఉంట. సామితోని పని లేదు. సార్ జెప్పిండు," అని ఇతను ఆయన్ని తిప్పి పంపించాడు. ఈ మాట అతనే వచ్చి నాతో చెప్పాడు. నేను మురిసిపోయి ఆ ఆదివారం అతన్ని మండలికి తీసుకుపోయాను.

నియమాల అట్ట అతనికి చదివి వినిపించాను. అందరి ముందు కుర్చీలో కూర్చోబెట్టి, "చెప్పండి" అన్నాను. "తాగకుంట ఉండేది నా బలమే, సామిది గాదు," అన్నాడు. చప్పట్లు కొట్టారు. మాల వేసుకున్న ఆఫీసరు ఒకడు కూడా, గడ్డం నిమురుకుంటూ, ఆ అభిప్రాయాన్ని గౌరవిస్తానన్నాడు. తరువాత నేను ఒక తెల్లకాగితం తీసి, నేటి నుంచి నా స్వంత నిగ్రహంతో మద్యం ముట్టనని నాకు నేనే మాట ఇస్తున్నాను అని రాశాను. అతను అక్షరాలు కూడబలుక్కుని సంతకం పెట్టాడు. సాక్షులుగా మేం పదిమందిమీ పెట్టాం. ఎనిమిది ఇడ్లీల ఉపవాసం ఆయనా, సంచీలో సీసా ఆయనా కూడా పెట్టారు.

మాలకు బదులు కాగితం ఇచ్చాన్నేను. మాల మెడలో ఉంటే ఊరంతా చూస్తుంది. కల్లు కాంపౌండువాడు కూడా పోయడు, స్వామీ ఇటెందుకొచ్చినవని వెనక్కి పంపిస్తాడు. పాత స్నేహితులు దారిలో తప్పుకుంటారు. పిల్లలు సామీ అంటారు, పెద్దవాళ్లు దండం పెడతారు. అటువంటి దాన్ని తీసేసి మడతపెట్టిన కాగితం ఒకటి అతని చొక్కా జేబులో పెట్టాను. అది అక్కడ ఉన్నట్టు ఎవడికి తెలుస్తుంది? ఇరవయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ రెండూ సమానమని నాకెలా తోచిందో.

ఆరోజు టీ కులం పోవాలన్న ఆయన ఇంటి నుంచి వచ్చింది. మాకందరికీ పింగాణీ కప్పులు, అతనికి స్టీలు గ్లాసు. అతను చూశాడు, నేనూ చూశాను. మనిషిని ఏమీ అనకూడదన్నది నా నియమమే కదా, అనలేదు.

తాగకుండా పదకొండు రోజులున్నాడు. పన్నెండో రోజు కాంపౌండు ముందు పడి ఉంటే ఎవరో ఇంటికి చేర్చారు. ఆ మర్నాడు పొద్దున్న అతని భార్య మా గేటు దగ్గరికి వచ్చింది. మోచేతికి పసుపు పెట్టి గుడ్డ కట్టుకుంది. ఎలా తగిలిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"సార్, మకరజ్యోతికి పోయేటోళ్లు ఇప్పుడు ఏసుకుంటున్నరు. ఇయ్యాల ఏసుకున్నా నలభై దినాలు సరిపోతయి," అంది. "పెద్ద గురుస్వామి ఏస్తనన్నడు. ఆయన మాట ఇంటలేడు, నా మాట ఇంటలేడు. మీ మాటయితే ఇంటడు. సామి ఉన్నడని ఒక్కసారి జెప్పుండ్రి సార్."

"నేను నమ్మనిది ఎలా చెప్పనమ్మా? అది ఆయన్ని మోసం చేసినట్టు కాదా?" అన్నాను.

"మీరు నమ్ముండ్రని నేనంటలేను. జెప్పుండ్రి సాలు."

ఆమెకు కుర్చీ వేశాను. కూర్చోలేదు. నిలబడ్డ మనిషికి నేను కూర్చుని సత్యం గురించి చెప్పాను. ఒక మనిషి మంచికోసమైనా అబద్ధం చెబితే అతని వివేకాన్ని అవమానించినట్టేనని, అతను ఓడిపోయినా స్వేచ్ఛగా ఓడిపోయాడని, మళ్లీ ప్రయత్నించవచ్చని అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. అంతా విని, "మంచిది సార్," అని కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. "రేపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్లతో మీ కాలేజీలో లేని ల్యాబు ఉందని చెప్పి సంతకం పెడతారు గదా. ఆ అబద్ధానికి అడ్డు రాని సత్యం ఈవిడ అడిగితే వచ్చిందా?" అంది.

"అది వేరు," అన్నాను.

"వేరే. అక్కడ మీ ఉద్యోగం, ఇక్కడ ఆవిడ కాపురం," అని లోపలికి పోయింది.

ఆ తరువాత నేను ముఖం చాటేశాను. శామీర్‌పేట మీదుగా పోవలసిన పనులన్నీ వేరే దారిన చేసుకున్నాను. ఆమె మా వీధికి చేపలు తేవడం మానేసింది. అతను వల వేయడం కూడా మానేశాడని, సున్నాల పనికి ఎవరూ పిలవడం లేదని మా ఆవిడే అప్పుడప్పుడు నా చెవిన వేసేది. మరో కార్తీకం వచ్చి వెళ్లిపోయింది. అప్పుడు కూడా నేను పోలేదు. మండలి తనంతట తనే చెదిరిపోయింది. ఒకాయన బౌరంపేట్‌లో కాపలా గేటున్న కాలనీలో ఇల్లు కొన్నాడు, ఇంకొకాయన నాగారం వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లం కూర్చుందామంటే జవహర్‌నగర్ వైపు నుంచి చెత్త కంపు మొదలైంది. ఇన్నేళ్ల చర్చల్లో మా అందరికీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ కంపు ఒక్కదాని మీదే.

ఆ పై కార్తీకంలో ఒక సెలవురోజు పొద్దున్నే స్కూటరు తీశాను. నా ఆలోచన మారి కాదు. దేవుడు లేడనే అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ ఒక్క అబద్ధం ఆడి వద్దామని బయలుదేరాను. నేను పొరపాటు పడ్డాను, స్వామి ఉన్నాడు, మాల వేసుకోండి. దారి పొడుగునా ఇదే పైకి అనుకుంటూ పోయాను. పరీక్షకు పోయే పిల్లలు సూత్రాలు వల్లెవేస్తే నవ్వేవాణ్ణి నేను. ఊరి మొదట్లో టీ బండి దగ్గర నల్లబట్టల్లో ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. అందులో ఉన్న పెద్ద గురుస్వామి నన్ను గుర్తుపట్టి, "సామీ" అని గుండె మీద చేయి పెట్టుకున్నాడు. ఆ మర్యాదలో కపటం లేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అతను ఇంటి ముందు అరుగు మీద గోడకు చేరగిలబడి ఉన్నాడు. పొద్దున పదిగంటలకే వాసన వస్తోంది. నన్ను చూసి గోడ పట్టుకుని లేచాడు. వద్దంటున్నా వినకుండా లోపలి నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, "కూసోండ్రి సార్," అన్నాడు. దాని ఒక కాలికి తీగ చుట్టి ఉంది. ఇంకో కుర్చీ లేదు. అతను కింద కూర్చున్నాడు.

నేను అనుకున్నదంతా చెప్పాను. తప్పు చెప్పానన్నాను. స్వామి ఉన్నాడన్నాను. వేసుకుంటే ఇది ఆరో మాల, గురుస్వామి అవుతారన్నాను. అతను ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. తల ఊపుతూ పూర్తిగా విన్నాడు.

"మన్నించాలె సార్. మీ మాటను గౌరవిస్త," అన్నాడు. వెక్కిరింపేమీ లేదు. నేర్చుకున్న పాఠం నేర్పినవాడికి అప్పజెబుతున్నాడు. "కని సామి యాడున్నడో తడిమి సూపెట్టుండ్రి. సూపెడ్తే ఇప్పుడే ఏసుకుంట."

నేను తీగ చుట్టిన కుర్చీ కాలు వైపు చూశాను.

"సూపెట్టలేరు సార్. నేను గూడ మస్తు తడిమి సూసిన," అన్నాడు. నన్నే ఓదారుస్తున్నట్టు చెయ్యి నా మోకాలి దాకా తెచ్చి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు. "మీరు జెప్పిందే కరెక్టు. అప్పుడే గెలిచిండ్రు మీరు. ఇగ మళ్ల ఎందుకు పరేషాన్ అయితరు? ఎండల పడి వచ్చిండ్రు, నీళ్లన్న తాగుండ్రి."

లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. మాతా అని కాదు. ఆమె అప్పట్లో మా ముందు అనలేనన్న మాట ఒకటి నా ముందే, తప్పనే స్పృహ లేకుండా, మామూలుగా అన్నాడు. ఆమె గ్లాసు కడిగి నీళ్లు తెచ్చింది. నా చేతికిస్తూ, ఆ పిలుపు నేను విన్నానా లేదా అని ఒకసారి నా ముఖంలోకి చూసింది.